తూకాన్ని బట్టి సెక్షన్, కాగితాన్ని బట్టి తీర్పు: మాదకద్రవ్యాల కేసుల్లో అభియోగం, బెయిలు, న్యాయవాది ఎంపిక

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి, ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ ప్రాంతాల నుంచి దిగువకు వచ్చే గంజాయి నర్సీపట్నం రోడ్డు మీదో, తుని రైల్వేస్టేషన్‌లోనో, హైదరాబాద్ శివారు టోల్‌గేటు దగ్గరో పట్టుబడినప్పుడు మరునాటి పత్రికలో రెండు వివరాలు తప్పక ఉంటాయి: ఎన్ని కిలోలు, ఎందరు అరెస్టు. పట్టుబడినవారి కుటుంబాలకు ఆ తరువాత మొదలయ్యే ప్రశ్నలకు మాత్రం ఆ వార్తలో జవాబు దొరకదు. ఒకే రోజు, ఒకే ఊళ్లో అరెస్టయిన ఇద్దరిలో ఒకరు వారం తిరక్కుండానే బెయిలుపై ఇంటికి రావడం, మరొకరు ఏడాది దాటినా రిమాండులోనే ఉండిపోవడం ఎందుకు జరుగుతుంది? సంచి తనది కాదని మొదటి నుంచీ చెబుతున్నా కేసు ఎందుకు ఆగదు? పది కిలోల గంజాయికి లేని భయం పది గ్రాములు దాటిన ఎండీఎంఏ అనే కృత్రిమ మత్తుమందుకి ఎందుకు?

2021 అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. ఆ తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగాలు వచ్చాయి. నిఘా పెరిగిన కొద్దీ ఈ కేసులు గిరిజన గూడేలకు, ఇంజినీరింగ్ కళాశాలల వసతిగృహాలకు, లారీ డ్రైవర్ల ఇళ్లకు కూడా చేరాయి. చట్టం పనిచేసే తీరు గురించిన అవగాహన మాత్రం అంత వేగంగా చేరలేదు.

సంక్షిప్తంగా

మాదకద్రవ్యం కలిగి ఉన్నారనే కేసులో శిక్ష ఎంత, బెయిలు ఎంత కష్టం అన్నది ప్రధానంగా పదార్థం పేరు, దాని బరువు నిర్ణయిస్తాయి. నేరం రుజువవుతుందా లేదా అన్నది సోదా చేసిన రోజు నుంచి మొదటి కొద్ది రోజుల్లో పుట్టిన కాగితాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందువల్ల ఇలాంటి కేసులో న్యాయవాది విలువ ఆ కాగితాలను ఎంత త్వరగా తెప్పించుకుంటారు, ఎంత నిశితంగా చదువుతారు అన్నదానిలో ఉంటుంది. న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేనివారికి ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది.

చట్టం నేపథ్యం

పోలీసులు, న్యాయవాదులు, విలేకరులు అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచే మాదకద్రవ్యాలు, మనఃప్రభావక పదార్థాల చట్టాన్ని పార్లమెంటు 1985లో చేసింది. అదే ఏడాది నవంబరు 14న అది అమల్లోకి వచ్చింది. మొదట్లో చాలా పదార్థాల విషయంలో, కొద్దిపాటి సరుకును సొంత వాడకానికే ఉంచుకున్నానని నిందితుడు స్వయంగా రుజువు చేసుకోగలిగితే తప్ప, పదేళ్ల కనీస శిక్ష ఉండేది. వ్యసనపరుణ్నీ వ్యాపారినీ ఒకే గాటన కట్టడం అన్యాయమన్న విమర్శ బలపడటంతో 2001లో చట్టాన్ని సవరించి, పరిమాణాన్ని బట్టి శిక్షను మూడు అంతస్తులుగా విడగొట్టారు. ఆ ఏడాది అక్టోబరు 19న కేంద్రం విడుదల చేసిన పట్టికలో ఒక్కో పదార్థానికి ‘స్వల్ప పరిమాణం’ ఎంత, ‘వాణిజ్య పరిమాణం’ ఎంత అన్నది నిర్దేశించారు. ఇప్పటికీ కేసులన్నీ ఆ పట్టిక చుట్టూనే తిరుగుతున్నాయి.

ఈ చట్టానికి సాధారణ క్రిమినల్ చట్టాలకు లేని మరో లక్షణం ఉంది. మామూలు కేసులో నేరాన్ని రుజువు చేసే భారమంతా ప్రాసిక్యూషన్‌దే. ఇక్కడ సెక్షన్ 35, సెక్షన్ 54 ప్రకారం, సరుకు నిందితుడి స్వాధీనంలో ఉందని తేలిన తరువాత, అది అతడికి తెలిసే ఉందని కోర్టు భావిస్తుంది. తెలియదని రుజువు చేసుకునే బాధ్యత నిందితుడి మీద పడుతుంది. అయితే ఈ భావన గాలిలోంచి పుట్టకూడదని, సోదా జరిగిన తీరు, సరుకు దొరికిన చోటు, దాని స్వభావం వంటి మూలాధారాలను ముందుగా ప్రాసిక్యూషనే నిస్సందేహంగా స్థాపించాలని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. నిందితుడి తరఫు వాదనలో అధిక భాగం ఈ మూలాధారాలనే పరీక్షిస్తుంది.

గ్రాములు, కిలోలు: గీత ఎక్కడుంది

గంజాయికి ఒక కిలో కంటే తక్కువైతే స్వల్ప పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. చరస్, హాషిష్ ఆయిల్‌కు ఆ హద్దులు 100 గ్రాములు, ఒక కిలో. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. ఎండీఎంఏకి అర గ్రాము, 10 గ్రాములు. తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో తరచూ వినిపించే ఆల్ప్రాజోలంకు 5 గ్రాములు, 100 గ్రాములు. ఎల్‌ఎస్‌డీ విషయంలో వాణిజ్య పరిమాణం గ్రాములో పదో వంతు మాత్రమే. జేబులో పట్టేంత సరుకు దొరికిన విద్యార్థి, డిక్కీ నిండా గంజాయి తెచ్చిన డ్రైవరుతో సమానమైన సెక్షన్ కింద నిలబడటానికి కారణం ఇదే.

స్వల్ప పరిమాణానికి గరిష్ఠంగా ఏడాది కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మధ్య అంతస్తుకు, అంటే స్వల్ప, వాణిజ్య పరిమాణాల హద్దుల మధ్య ఉన్న సరుకుకు, పదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. వాణిజ్య పరిమాణానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, లక్ష నుంచి రెండు లక్షల వరకు జరిమానా. చివరి అంతస్తులో న్యాయమూర్తికి దయ చూపించాలని ఉన్నా పదేళ్లకు తగ్గించే అధికారం లేదు. మొదటిసారి మూట మోసిన కూలీకైనా, మూట యజమానికైనా ఆ పదేళ్లు ఒకటే. ఈ చట్టంలో అన్నిటికంటే కఠినమైన అంశం ఇదే.

అందుకే హద్దుకు దగ్గరగా ఉన్న తూకం ప్రాణాంతకమైన విషయం అవుతుంది. 21 కిలోలని పంచనామాలో (సోదా జరిగినప్పుడు మధ్యవర్తుల సంతకాలతో రాసే పత్రంలో) రాసినప్పుడు గోనె సంచి, ప్లాస్టిక్ కవర్లు, చుట్టిన టేపు బరువు అందులో కలిశాయా, ప్రతి పొట్లాన్నీ విడిగా తూచారా, మొత్తం ఒకేసారి కాటా మీద పెట్టారా, ఆ కాటా ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబు పదేళ్ల జైలు కావచ్చు. పైగా చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాత భాగాలు; ఆకులు, గింజలు ఆ పూతతో కలిసి లేనప్పుడు నిర్వచనంలోకి రావు. కాండంతో, ఆకులతో సహా పీకి తూచిన పచ్చి మొక్కల బరువు మొత్తాన్నీ గంజాయి బరువుగా లెక్కించవచ్చా అన్న వాదన ఇక్కడి నుంచే వస్తుంది. దాన్ని బెయిలు దశలోనే పట్టించుకోవాలా, విచారణ దాకా ఆగాలా అనే విషయంలో హైకోర్టుల తీర్పులు ఒకే తీరుగా లేవు.

పొడులు, మాత్రల విషయంలో పరిస్థితి నిందితుడికి మరింత ప్రతికూలం. హెరాయిన్‌లో మరేదైనా పొడి కలిపి ఉంటే అసలు మందు ఎంత ఉందో అంతే లెక్కించాలని 2008లో సుప్రీంకోర్టు అంది. 2020 ఏప్రిల్ 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువునే పరిగణించాలని తేల్చింది. స్వచ్ఛత శాతం తక్కువని వాదించి సెక్షన్ తగ్గించుకునే దారి దాంతో దాదాపు మూసుకుపోయింది.

తెలిసి కలిగి ఉండటం

స్వాధీనం అన్న మాటకు చట్టంలో రెండు పాళ్లు ఉన్నాయి: వస్తువు మీద అదుపు, అది ఏమిటో తెలిసి ఉండటం. వీపు మీది సంచిలో దొరికిన సరుకు విషయంలో మొదటి పాలు తేలికగానే తేలుతుంది. నలుగురు ఉంటున్న గదిలో మంచం కింద దొరికితే, బస్సులో సీట్ల పైనున్న అరలో దొరికితే, ఐదుగురు ప్రయాణిస్తున్న కారు డిక్కీలో దొరికితే విషయం అంత సులభం కాదు. గది అద్దె ఎవరి పేరున ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, సంచిలో ఎవరి గుర్తింపు కార్డులు ఉన్నాయి, టికెట్టు ఎక్కడి నుంచి ఎక్కడికి కొన్నారు, వాసన బయటికి తెలిసేలా ఉందా వంటి చిన్న చిన్న విషయాలే అక్కడ నిర్ణాయకం అవుతాయి. కారులో దొరికిన సందర్భంలో లోపలున్న అందరికీ తెలిసే ఉంటుందని భావించిన తీర్పులూ ఉన్నాయి. కాబట్టి ‘నేను ఊరికే ఎక్కాను’ అన్న మాట దానంతట అది సరిపోదు. ఎందుకు ఎక్కారో చూపే ఆధారం కావాలి.

ఇంకొక చిక్కు పేర్ల వరసతో వస్తుంది. మొదట దొరికిన వ్యక్తి ఏ1, అంటే మొదటి నిందితుడు అవుతాడు. అతడు చెప్పాడంటూ ఏ2, ఏ3, ఏ4 చేరుతారు, వాళ్ల దగ్గర ఒక్క గ్రాము కూడా దొరకకపోయినా సెక్షన్ 29 కింద కుట్ర అభియోగం నమోదవుతుంది. 2020 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఈ చట్టం కింది దర్యాప్తు అధికారులు కూడా పోలీసు అధికారులేనని, వారి ముందు ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని ప్రకటించింది. సహనిందితుడి మాట తప్ప మరే ఆధారమూ లేని కేసులకు ఇది గట్టి దెబ్బ. అయితే ఫోన్ కాల్ రికార్డులు, యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు ఆ మాటకు తోడైతే పరిస్థితి మారుతుంది. నిందితుడు చూపించిన చోట కొత్తగా సరుకు దొరికితే, ఆ దొరకడానికి దారితీసినంత మేరకు అతడి మాట సాక్ష్యంలోకి వస్తుంది.

మొదటి మూడు రోజుల్లో పుట్టే కాగితాలు

ఎన్‌డీపీఎస్ చట్టం పోలీసులకు పెద్ద అధికారాలిచ్చింది. అందుకు బదులుగా ఆ అధికారాలను వాడే పద్ధతిని మెట్టు మెట్టునా రాసిపెట్టింది. ముందస్తు సమాచారంతో ఇంటినో వాహనాన్నో మూసి ఉన్న చోటునో వారంటు లేకుండా సోదా చేయాలంటే సెక్షన్ 42 ప్రకారం ఆ సమాచారాన్ని రాతలో పెట్టి, 72 గంటల్లోగా పై అధికారికి ప్రతి పంపాలి. సూర్యాస్తమయం తరువాత చేస్తే, వారంటు కోసం ఎందుకు ఆగలేకపోయారో కారణం రాయాలి. బహిరంగ ప్రదేశంలో సోదాకు సెక్షన్ 43 వర్తిస్తుంది, అక్కడ ఈ నియమాలు లేవు. రోడ్డు మీద ఆపిన సొంత కారు బహిరంగ ప్రదేశమా అన్న ప్రశ్నకు, కాదు, దానికి సెక్షన్ 42 వర్తిస్తుందని 2021లో సుప్రీంకోర్టు జవాబు చెప్పి నిందితులను విడుదల చేసింది. తెలుగు రాష్ట్రాల్లో జాతీయ రహదారులపై జరిగే పట్టివేతలకు ఈ తేడా ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

సెక్షన్ 50 మనిషి ఒంటి మీది సోదాకు సంబంధించినది. గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ సమక్షంలో సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి ముందే చెప్పాలి, ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పాలి. స్త్రీని స్త్రీయే సోదా చేయాలి. ఈ నియమం పాటించకపోతే ఒంటి మీద దొరికిన సరుకుపై ఆధారపడిన శిక్ష నిలవదని 1999లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ చేతిసంచికి, సూట్‌కేసుకు, వాహనానికి ఈ సెక్షన్ వర్తించదని 2005 నుంచీ కోర్టులు చెబుతున్నాయి. గంజాయి కేసుల్లో చాలావరకు సరుకు సంచుల్లోనే దొరుకుతుంది కాబట్టి సెక్షన్ 50 ఉల్లంఘన ఒక్కదాని మీదే ఆశలన్నీ పెట్టుకోవడం పొరపాటు.

వాస్తవంలో ఎక్కువ కేసులు తేలేది సరుకు భద్రత దగ్గర. పట్టుకున్న సరుకు జాబితాను సెక్షన్ 52ఏ ప్రకారం మెజిస్ట్రేటుతో ధ్రువీకరింపజేసి, నమూనాలను మెజిస్ట్రేటు సమక్షంలో తీయాలి. 2022 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనలు ఈ పద్ధతిని మరింత వివరంగా చెప్పాయి. పట్టివేత, అరెస్టులపై 48 గంటల్లోగా పై అధికారికి నివేదిక పంపాలని సెక్షన్ 57 చెబుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, సోదానూ స్వాధీనాన్నీ ఆడియో, వీడియోల్లో రికార్డు చేయాలని కోరుతుంది. ఈ వీడియో ఉందా, ఉంటే అందులోని సమయం పంచనామాలోని సమయంతో సరిపోతుందా అన్నది ఇప్పుడు ప్రతి కేసులోనూ అడగదగ్గ మొదటి ప్రశ్న.

హైదరాబాద్ పోలీసులు 2009లో ఒక వాహనంలో 80 కిలోల గంజాయి పట్టుకున్న కేసు ఇందుకు మంచి ఉదాహరణ. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. 2024 మార్చి 1న సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. మూటల్లో గంజాయితో పాటు పచ్చిమిరపకాయలు ఉన్నాయి, రెండింటినీ వేరుచేసి తూచలేదు. అందువల్ల గంజాయి బరువు ఎంతో నమ్మకంగా చెప్పే వీలు లేకపోయింది. సెక్షన్ 52ఏ పద్ధతి పాటించలేదు, నమూనాలు ప్రయోగశాలకు చేరేదాకా చేతులు మారిన తీరులో పొంతన కుదరలేదు. 80 కిలోల కేసు మిరపకాయల దగ్గర, సీళ్ల దగ్గర కూలిపోయింది. పట్టివేత జరిగిన 15 ఏళ్లకు ఈ సంగతి తేలడం మాత్రం న్యాయవ్యవస్థకు గర్వకారణం కాజాలదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సెక్షన్ 52ఏ ఉల్లంఘన కనిపించగానే కేసు కొట్టేస్తారనుకోవడం సరికాదు. ఆ ఒక్క లోపమే సరిపోదని, మిగతా సాక్ష్యం నమ్మదగినదిగా ఉంటే శిక్ష నిలుస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు వివరించింది. లోపం వల్ల అసలు పట్టివేత మీదే అనుమానం కలుగుతోందని చూపించగలగాలి. పంచనామాపై సంతకం చేసిన మధ్యవర్తులు, మన ప్రాంతంలో తరచూ వీఆర్వోలు, సాక్ష్యపు బోనులో చెప్పే మాటకు విలువ పెరిగేది అక్కడే.

బెయిలు: రెండు షరతుల గోడ

వాణిజ్య పరిమాణం కేసుల్లోనూ, అక్రమ వ్యాపారానికి ఆర్థిక సహాయం వంటి కొన్ని నేరాల్లోనూ సెక్షన్ 37 అడ్డుగా నిలుస్తుంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ వ్యతిరేకించినప్పుడు, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బెయిలుపై ఉండగా మరో నేరం చేయడని కోర్టుకు నమ్మకం కలగాలి. విచారణ మొదలు కాకముందే నిర్దోషిత్వాన్ని ఇంచుమించు చూపించమన్నట్టుగా ఉండే ఈ షరతు వల్లే చాలామంది నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి జైళ్లలో ఉంటున్నారు. దీన్ని అక్షరార్థంలో తీసుకుంటే బెయిలే అసాధ్యమవుతుందని, విచారణ విపరీతంగా ఆలస్యమైనప్పుడు సెక్షన్ 37 ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని 2023 మార్చి 28న సుప్రీంకోర్టు చెప్పిన తరువాత, దీర్ఘకాలం రిమాండులో ఉన్నవారికి ఒక తలుపు తెరుచుకుంది.

మధ్య అంతస్తు పరిమాణానికి ఈ గోడ లేదు. బెయిలు దరఖాస్తును ప్రత్యేక కోర్టు సాధారణ సూత్రాలపైనే పరిశీలిస్తుంది: పాత కేసులున్నాయా, స్థిర నివాసం ఉందా, దర్యాప్తు ఎంతవరకు వచ్చింది. స్వల్ప పరిమాణం బెయిలబుల్ నేరమా కాదా అన్నదానిపై హైకోర్టులు భిన్నంగా మాట్లాడాయి కానీ, ఆచరణలో బెయిలు సాధారణంగా త్వరగానే దొరుకుతుంది.

కుటుంబాలు తరచూ పోగొట్టుకునే హక్కు మరొకటి ఉంది. నిర్ణీత గడువులో ఛార్జిషీటు దాఖలు కాకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది, సెక్షన్ 37 కూడా దాన్ని ఆపలేదు. వాణిజ్య పరిమాణానికి ఆ గడువు 180 రోజులు. దర్యాప్తు పురోగతిని, నిర్బంధం కొనసాగాల్సిన నిర్దిష్ట కారణాలను చూపుతూ పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక ఇస్తే కోర్టు దాన్ని ఏడాది వరకు పొడిగించవచ్చు. మిగతావాటికి 60 రోజులు. గడువు దాటిన తరువాత, ఛార్జిషీటు పడకముందే దరఖాస్తు పెట్టాలి. ఒక్కరోజు ఆలస్యమై ఈలోగా ఛార్జిషీటు పడితే హక్కు పోతుంది. రిమాండు మొదలైన తేదీ నుంచి రోజులు లెక్కపెట్టుకునే న్యాయవాదికీ, పెట్టుకోని న్యాయవాదికీ ఉన్న తేడా ఇక్కడ నిందితుడి స్వేచ్ఛ రూపంలో కనిపిస్తుంది.

వాడినవారికి చికిత్స అనే దారి

మూత్రపరీక్షలో తేలిన వాడకం, దగ్గర సరుకు దొరకడం వేర్వేరు నేరాలు. వాడకానికి సెక్షన్ 27 కింద పదార్థాన్ని బట్టి గరిష్ఠంగా ఆరు నెలలు లేదా ఏడాది శిక్ష ఉంది. వ్యసనానికి లోనైన వ్యక్తి, సెక్షన్ 27 కిందనో స్వల్ప పరిమాణం కిందనో అభియోగం ఎదుర్కొంటూ, ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ ప్రభుత్వ గుర్తింపున్న సంస్థలో గానీ స్వచ్ఛందంగా చికిత్సకు సిద్ధపడితే సెక్షన్ 64ఏ అతడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. కళాశాల విద్యార్థుల కేసుల్లో ఎక్కువమందికి సరిపోయే ఈ సెక్షన్‌ను కోర్టు ముందు ప్రస్తావించడమే అరుదు కావడం విచారకరం; నేరం ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడదామన్న తొందరలో, ఉద్యోగ ప్రయత్నాల్లో అడ్డు కాగల శిక్షా రికార్డును చాలా కుటుంబాలు కొనితెచ్చుకుంటాయి.

పట్టుబడినవారు 18 ఏళ్లలోపువారైతే దారి పూర్తిగా వేరు. కేసు బాలల న్యాయమండలి ముందుకు వెళ్లాలి. పదో తరగతి ధ్రువపత్రం మొదటి రోజే న్యాయవాది చేతికి అందాలి.

న్యాయవాదిని ఎంచుకోవడం

అరెస్టు జరిగిన 24 గంటల్లోగా నిందితుణ్ని మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టుకు కారణాలు చెప్పాలి, బంధువులకు తెలియజేయాలి, విచారణ సమయంలో న్యాయవాదిని కలిసే అవకాశం ఇవ్వాలి. కారణాలను రాతపూర్వకంగా ఇవ్వకపోతే అరెస్టే చెల్లదన్న వాదనకు ఇటీవలి సుప్రీంకోర్టు తీర్పులు బలమిచ్చాయి. అందువల్ల రిమాండు సమయానికే ఒక న్యాయవాది పక్కన ఉండటం మంచిది. ఆ పూటకు దొరికినవారే చివరిదాకా ఉండాలన్న నియమమేమీ లేదు.

స్టేషన్ బయట, కోర్టు ఆవరణలో ‘వారంలో బెయిలు ఖాయం, ఇంత ఇవ్వండి’ అనేవారు ఎదురవుతారు. వాణిజ్య పరిమాణం కేసులో అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు, సెక్షన్ 37 చదివిన న్యాయవాది ఎవరూ ఇవ్వరు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు నిషేధించాయి. ప్రకటనలు ఇచ్చుకోవడాన్నీ, మనుషులను పంపి కేసులు రాబట్టుకోవడాన్నీ కూడా ఒప్పుకోవు. కాబట్టి తనంతట తాను వెతుక్కుంటూ వచ్చిన సహాయాన్ని అనుమానించడమే క్షేమం.

ఒక న్యాయవాది నిజంగా ఎన్‌డీపీఎస్ కేసులు నడిపారా అన్నది తెలుసుకోవడం ఇప్పుడు కష్టం కాదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో న్యాయవాది పేరుతో వెతికితే ఆ జిల్లాలో ఆయన లేదా ఆమె హాజరైన కేసులు, వాటి దశలు కనిపిస్తాయి. ఎన్‌రోల్‌మెంట్ సంఖ్యను రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. ముఖాముఖి మాట్లాడేటప్పుడు అడగవలసినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. సోదా సెక్షన్ 42 కిందికి వస్తుందా, 43 కిందికా? నమూనాలు ఎప్పుడు, ఎవరి ముందు తీశారు? ఛార్జిషీటు గడువు ఏ తేదీతో ముగుస్తుంది? రిమాండు రిపోర్టు, ఎఫ్ఐఆర్, పంచనామా చూసిన తరువాత కూడా ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే మరొకరిని సంప్రదించడం తప్పు కాదు. సీనియర్ పేరు చూసి కేసు ఇచ్చినప్పుడు, సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేసేది ఆయనా, జూనియరా అన్నది ముందే స్పష్టం చేసుకోవాలి. ఈ కేసుల్లో గెలుపోటములు దాదాపు ఎప్పుడూ క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే తేలతాయి. హైకోర్టులో బెయిలు వాదించే నేర్పు, సెషన్స్ కోర్టులో విచారణ నడిపే ఓర్పు ఒకే మనిషిలో ఉండాలని కూడా లేదు. రెండు దశలకు ఇద్దరిని పెట్టుకునేవారు ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం మీద ఎక్కువ శ్రద్ధ అవసరం. ఒకే కేసులోని నలుగురు నిందితులకు ఒకే న్యాయవాది ఉండటం ఖర్చు రీత్యా తేలికగా కనిపిస్తుంది. కానీ ‘మూట నాది కాదు, ఏ1ది’ అన్నదే ఏ3 వాదన అయినప్పుడు ఇద్దరి ప్రయోజనాలూ ఢీకొంటాయి. సరుకు యజమాని ఫీజు కట్టి పంపిన న్యాయవాది, కూలికి మూట మోసిన గిరిజన యువకుడి తరఫున ఆ మాట గట్టిగా అనగలరా అన్నది ఆలోచించవలసిన సంగతి. వాదనలు వేరైనప్పుడు న్యాయవాదులూ వేరుగా ఉండటం అవసరం.

మొదటి న్యాయవాదితో పొసగకపోతే మార్చుకోవచ్చు. ఆయన నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, కొత్త వకాల్తా దాఖలు చేయాలి. జైలులో ఉన్న నిందితుడి సంతకాన్ని జైలు అధికారులు ధ్రువీకరిస్తారు. ఫీజు ఏ దశకు ఎంత అన్నది కాగితం మీద పెట్టుకుని, రసీదు తీసుకోవడం ఇరుపక్షాలకూ మంచిది.

డబ్బు లేకపోవడం న్యాయవాది లేకపోవడానికి కారణం కాకూడదని రాజ్యాంగంలోని 39ఏ అధికరణ చెబుతుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారు, స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. అంటే జైలులో ఉన్న ప్రతి ఎన్‌డీపీఎస్ నిందితుడూ అర్హుడే. 2022 నుంచి అనేక జిల్లాల్లో ఇందుకోసం పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సెల్ (నిందితుల తరఫున ఉచితంగా వాదించే న్యాయవాదుల) కార్యాలయాలు ఏర్పడ్డాయి. సర్కారు వకీలు సరిగా వాదించరన్న అపనమ్మకం జనంలో బలంగా ఉంది, కొన్నిచోట్ల దానికి కారణాలూ ఉండవచ్చు. కానీ అప్పు చేసి తెచ్చిన డబ్బుతో రెండు వాయిదాలకు న్యాయవాదిని పెట్టుకుని, ఆ తరువాత ఎవరూ హాజరు కాని స్థితికి చేరడం కంటే, చివరిదాకా హాజరయ్యే బాధ్యత ఉన్న డిఫెన్స్ కౌన్సెల్ మేలు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల అధికార సంస్థలో గానీ, జైలులోని న్యాయ సహాయ కేంద్రంలో గానీ, 15100 నంబరుకు ఫోన్ చేసి గానీ దరఖాస్తు చేసుకోవచ్చు.

వాహనం, ఆస్తి

సరుకు దొరికిన ఆటో, కారు, లారీ సెక్షన్ 60 కింద జప్తుకు లోబడతాయి. తనకు తెలియకుండా, తగిన జాగ్రత్తలు తీసుకున్నప్పటికీ అలా జరిగిందని యజమాని చూపించగలిగితే జప్తు నుంచి బయటపడవచ్చు. విచారణ ముగిసేదాకా వాహనం స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టాల్సిందేనన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. తాత్కాలికంగా విడుదల చేయడానికి చట్టంలో అడ్డేమీ లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, ఫైనాన్సు వాయిదాలు కడుతున్న యజమాని వెంటనే ప్రత్యేక కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. డ్రైవరు తరఫు న్యాయవాదితో కాకుండా వేరే న్యాయవాదితో ఈ దరఖాస్తు వేయించడం మేలు, ఎందుకంటే ‘నాకు తెలియదు’ అని యజమాని చెప్పే ప్రతి మాటా డ్రైవరు మీద భారాన్ని పెంచుతుంది.